పనైపోయిన సంచి

పోయిన వేసవిలో నా స్కానింగ్ రిపోర్టు చూసిన డాక్టరుగారు నన్ను మూడే ప్రశ్నలడిగారు. వయసెంత? పిల్లలెందరు? ఇంకా కావాలా? ముప్ఫై ఏడు, ఒక పాప, వద్దు అని చెప్పాను. "అయితే ఇంకెందుకమ్మా, తీయించేసుకోండి" అన్నారు.

రిపోర్టులో ఉన్నది ఆరు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్. గర్భాశయం గోడల్లో పెరిగే కండరపు గడ్డ. కాన్సర్ కాదు. నెలకి ఎనిమిది రోజుల రక్తస్రావం, ఎనిమిదికి పడిపోయిన హిమోగ్లోబిన్, మెట్లెక్కితే ఆయాసం, అరగంట నిలబడి మాట్లాడితే కళ్ళు తిరగడం - ఇవీ నా బాధలు. వీటి గురించి ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. స్త్రీల కథల్లో మౌనం ఎలా పనిచేస్తుందో వందల పేజీల్లో రాసి డాక్టరేట్ తెచ్చుకున్న నాకు ఆ గదిలో ఒక్క ప్రశ్న నోటికి రాలేదు. బుద్ధిగా తలూపి, ఫీజు కట్టి, విశాఖ కాంప్లెక్స్‌లో బస్సెక్కి అనకాపల్లి వచ్చేశాను.

బస్సులో కూర్చున్నాక తెలిసింది, ఆ "ఇంకెందుకు" అన్న మాట నేను మొదటిసారి వినడం లేదని. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా పిన్నికి గర్భసంచి తీసేశారు. అప్పటికి ఆమెకి ముప్ఫై ఒకటి. శారదా నది అవతల ఊరు వాళ్ళది. కొంచెం చెరుకు తోట, ఒక గేదె. నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళితే ఒక నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ చేసి, ఉంచితే కాన్సరొస్తుందని చెప్పారు. గేదెని అమ్మి ఆపరేషన్ చేయించారు. మా అమ్మతోపాటు నేనూ చూడ్డానికి వెళ్ళాను. మంచం కింద ఉన్న కొబ్బరిబొండాలు తప్ప నాకింకేమీ గుర్తులేదు. ఊళ్ళో వాళ్ళు మాత్రం చాలాకాలం ఒక మాట అనేవాళ్ళు: "దానికేటి, గర్భసంచి తీయించీసుకుంది, సుకంగా ఉంది."

నా ఫైబ్రాయిడ్ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు పిన్నిని మొదటిసారి ఆ ఆపరేషన్ గురించి అడిగాను. "నాకేటి తెల్సే. మత్తిచ్చీసారు. లెగిసీసరికి తీసీసినారు" అంది.

సాహిత్య విమర్శ నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకు ముందు క్రియాపదాలే కనిపిస్తాయి. ఊరు "తీయించీసుకుంది" అంటోంది. పిన్ని "తీసీసినారు" అంటోంది. ఒకే సంఘటన. ఊరి వాక్యంలో కర్త పిన్ని. తనకోసం, తన ఇష్టంతో, డబ్బిచ్చి ఎవరిచేతో పని చేయించుకున్న మనిషి. పిన్ని వాక్యంలో కర్తలు వేరే ఎవరో. ఆమె అసలు ఆ వాక్యంలోనే లేదు. నిద్రలో ఉంది. మన భాషలో 'చేయించుకోవడం' అనే క్రియ ఎంత సులువుగా బాధ్యతని ఆడదాని నెత్తిన పెడుతుందో చూడండి. పిల్లల ఆపరేషన్ చేయించుకుంది. పెద్దాపరేషన్ చేయించుకుంది. ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు, వేరే దారి ఉందని చెప్పారా, ఈ ప్రశ్నలన్నీ ఆ 'కొను' లో కరిగిపోతాయి.

ఇంక నామవాచకం సంగతి. పుస్తకాల్లో గర్భాశయం, నోటిమాటలో గర్భసంచి. సంచికి విలువ అందులో వేసేదాన్ని బట్టే. సరుకు దించేశాక సంచిని ఎవరు దాచుకుంటారు? డాక్టరుగారి మూడు ప్రశ్నలూ సంచికి సంబంధించిన ప్రశ్నలే. అందులో ఇంకా ఏమైనా వెయ్యాలా, వద్దా? రక్తం నాది, నొప్పి నాది, ఆయాసం నాది. ప్రశ్న మాత్రం పుట్టబోయేవాళ్ళ గురించి.

ఇది మా ఇంటి కథ మాత్రమే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి గర్భాశయం తొలగింపు గురించి దేశమంతటా స్త్రీలని అడిగింది. 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మనదే మొదటి స్థానం. ఆపరేషన్ నాటికి వయసు చూస్తే దేశంలో సగం మందికి 34 లోపే. మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం ఎక్కువ రక్తస్రావం, నొప్పి. అంటే మందులతోనో మరో పద్ధతితోనో ముందు ప్రయత్నించి చూడవలసిన బాధలు. సర్వే రాకముందే, 2000ల చివర్లో, మెదక్ జిల్లా పల్లెల్లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ సూర్యప్రకాశ్ ఇల్లిల్లూ తిరిగి, ముప్ఫై నిండకుండానే గర్భాశయం పోగొట్టుకున్న స్త్రీల గురించి రాశారు. 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. పదేళ్ళకి, 2023 ఏప్రిల్‌లో, అనవసరపు ఆపరేషన్లని అరికట్టేందుకు కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు చెప్పింది.

చెరుకు ఊరి మనిషిని కాబట్టి మహారాష్ట్రలోని బీడ్ జిల్లా సంగతి నన్ను వదలదు. 2019లో అక్కడ చెరుకు నరికే కూలీ స్త్రీలు 82 వేలమందికి పైగా సర్వే చేస్తే 13 వేలమందికి పైగా గర్భాశయం లేదు. ముట్టు వచ్చి ఒకరోజు పనికి రాకపోతే మేస్త్రీ జరిమానా వేస్తాడు. తోటల పక్కన గుడిసెల్లో నీళ్ళుండవు, మరుగుదొడ్డి ఉండదు. అక్కడ గర్భాశయం పనైపోయిన సంచి కూడా కాదు, పనికి అడ్డమొచ్చే సంచి.

ఈ పరిస్థితుల మధ్య నా చేతికి ఒక కరపత్రం వచ్చింది. ఒక స్నేహితురాలు నగరంలోని ఓ ఆసుపత్రి నుంచి తెచ్చింది. కోత లేదు, కుట్లు లేవు, రక్తం పోదు, గర్భాశయం భద్రం అని రంగురంగుల అక్షరాల్లో ఉంది. ఆ వైద్యం పేరు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. హైఫు అని కూడా అంటారట. నమ్మబుద్ధి కాక దాని గురించి చదవడం మొదలుపెట్టాను.

చిన్నప్పుడు మనందరం భూతద్దంతో ఎండని ఒకచోటికి చేర్చి కాగితం కాల్చినవాళ్ళమే. ఇదీ అటువంటిదే, ఎండకి బదులు శబ్దం. స్కానింగ్‌లో వాడే శబ్ద తరంగాల వంటివే, కాకపోతే చాలా బలమైనవి, వాటిని చర్మం పైనుంచి లోపలికి పంపి ఒక చిన్న బిందువు దగ్గర కలిసేటట్టు చేస్తారు. దారిలో ఉన్న చర్మానికీ కొవ్వుకీ పెద్దగా ఏమీ కాదు. తరంగాలన్నీ కలిసినచోట మాత్రం వేడి అరవై డిగ్రీలు దాటి, అక్కడి కణాలు చచ్చిపోతాయి. అలా ఒక్కొక్క బిందువూ, మధ్యలో చల్లారనిస్తూ, కొన్ని గంటలపాటు చేస్తారు. గురి తప్పకుండా ఎమ్మారైతోనో అల్ట్రాసౌండ్‌తోనో లోపలికి చూస్తూ ఉంటారు. ఎమ్మారై అయితే ఎంత వేడెక్కిందో కూడా కొలుస్తుంది. గడ్డని బయటికి తియ్యరు. చచ్చిన భాగాన్ని శరీరమే నెలల తరబడి కొంచెంకొంచెంగా పీల్చుకుంటుంది. గడ్డ మాయమవదు, చిక్కిపోతుంది. బాధలు తగ్గుతాయి. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఫైబ్రాయిడ్లకే కాక, గర్భాశయం లోపొర గోడ కండరంలోకి చొచ్చుకుపోయే ఎడినోమయోసిస్‌కి కూడా వాడుతున్నారు. ఇజ్రాయెల్‌లో తయారైన యంత్రానికి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. చైనాలో చోంగ్‌చింగ్ నగరంలో తయారైన యంత్రాలతో అక్కడ పెద్ద ఎత్తున చేస్తున్నారు.

చదివాక నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ సంతోషంతో కరపత్రాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఈసారి రోగిగా కాదు, పాఠకురాలిగా.

అట్ట మీద నిండు గర్భిణి బొమ్మ. లోపల మాతృత్వపు కల, స్త్రీత్వానికి గుర్తు, మీ సంసార సుఖం అనే మాటలు. ఒక భర్త భార్య భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఫోటో. రక్తహీనత అనే మాట ఒక్కసారి ఉంది. నొప్పి అనే మాట, ఈ వైద్యంలో నొప్పి ఉండదని చెప్పడానికి ఉంది. నాలాగ పిల్లలు ఇంక వద్దనుకునే మనిషి ఆ కాగితంలో ఎక్కడా లేదు. పెళ్ళి చేసుకోని మనిషి లేదు. మా పిన్ని లాంటి మనిషి లేనే లేదు.

డాక్టరుగారు అన్నది: పిల్లలు పుట్టేశారు కాబట్టి తీసేద్దాం. కరపత్రం అన్నది: పిల్లలు పుట్టాలి కాబట్టి ఉంచుకోండి. కత్తీ శబ్దమూ రెండూ ఒకే వాక్యం మాట్లాడుతున్నాయి. రెండింట్లోనూ గర్భాశయం విలువ పిల్లల లెక్కే. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. 2004లో అమెరికా అనుమతి ఇచ్చినప్పుడు, ఈ వైద్యం పిల్లల్ని కనడం పూర్తయిన స్త్రీలకేనని షరతు పెట్టింది. గర్భం మీద దీని ప్రభావం అప్పటికి తెలియకపోవడమే అందుకు కారణం. తర్వాతి సంవత్సరాల్లో అనుభవం పెరిగాక ఆ షరతుని సడలించారు. అంటే ఈ యంత్రం మొదట పనిచేసింది 'పనైపోయిన' సంచుల మీదే, ఆ స్త్రీల బాధ తగ్గించడానికే. ఆ చరిత్రని చెరిపేసి దాన్ని అమ్మతనం యంత్రంగా అమ్ముతున్నది మార్కెట్టు.

కరపత్రం చెప్పనివి ఇంకా ఉన్నాయి. అన్ని గడ్డలకీ ఇది పనికిరాదు. గడ్డలు చాలా ఎక్కువైనా, మరీ పెద్దవైనా, పేగులు దారికి అడ్డొచ్చినా కష్టం. కాన్సరేమోనన్న అనుమానం ఉంటే చెయ్యకూడదు, పరీక్షకి పంపడానికి ముక్క బయటికి రాదు కాబట్టి. చర్మం కాలడం, నరానికి వేడి తగిలి కాలు లాగడం, అరుదుగా పేగుకి దెబ్బ తగలడం వంటి ప్రమాదాలున్నాయి. కొందరికి మళ్ళీ చేయించుకోవలసి రావచ్చు. అన్నిటికన్నా నన్ను ఆపింది మరో సంగతి. పొట్ట మీద పాత ఆపరేషన్ మచ్చ ఉంటే అది శబ్దపు శక్తిని పీల్చుకుని కాలవచ్చు. మచ్చని తప్పించి తరంగాలని పంపగలిగితేనే చేస్తారు. నాకు సిజేరియన్ మచ్చ ఉంది. అవసరమై కోశారో కాదో ఈనాటికీ నాకు తెలియని మచ్చ. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లు, తెలంగాణలో 60.7. పుట్టుకకోసం పెట్టిన కోతలు రేపు కోతలేని వైద్యానికి అడ్డం నిలబడతాయి. ఒక అనవసరపు కోత ఒక్కసారితో పోదని, తర్వాతి దారుల్ని కూడా మూసేస్తుందని నాకప్పుడు అర్థమైంది.

రెండో అభిప్రాయం కోసం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఆవిడ మొదట అడిగింది నెలలో ఎన్నిరోజులు పనికి వెళ్ళలేకపోతున్నానని. తర్వాత కాగితం మీద గీసి చూపిస్తూ వరసగా చెప్పారు. ఐరన్, రక్తస్రావం తగ్గించే బిళ్ళలు, హార్మోన్లు, గర్భాశయంలో అమర్చే హార్మోను లూప్, గడ్డని మాత్రమే తీసే ఆపరేషన్, గడ్డకి రక్తం తీసుకెళ్ళే నాళాల్ని మూసెయ్యడం, ఫోకస్డ్ అల్ట్రాసౌండ్, చివరికి గర్భాశయం తొలగింపు. ముట్లుడిగాక ఫైబ్రాయిడ్లు మామూలుగా చిక్కిపోతాయి కాబట్టి, భరించగలిగితే కనిపెట్టుకుని ఉండడమూ ఒక వైద్యమేనని చెప్పారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఇన్ని దారుల్లో ఒక్కటి, అదీ చిట్టచివరిది, మా పిన్నికి ఒకే ఒక దారిగా కనిపించింది. ఆ ఇరవై నిమిషాలు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ గురించి ఆవిడ చెబుతూ ఒక మాటన్నారు, దానికోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. ఎమ్మారై గదిలో చేసే పద్ధతిలో పేషెంటుకి పూర్తి మత్తు ఇవ్వరు. నొప్పి తగ్గించే మందిచ్చి, మెలకువగానే ఉంచుతారు. ఆమె బోర్లా పడుకుని ఉంటుంది. చేతిలో ఒక బటన్ పెడతారు. కాలులోకి మంట పాకినా, చర్మం చురుక్కుమన్నా, భరించలేననిపించినా ఆమె ఆ బటన్ నొక్కుతుంది. శబ్దం ఆగిపోతుంది. నరం దగ్గర వేడి తగులుతోందన్న సంగతి యంత్రం కన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. అందుకని ఆమె మాట వైద్యంలో ఒక భాగం. ఆమె నిద్రపోతే వైద్యానికే లోటు.

నేను చదివిన స్త్రీవాద సిద్ధాంతం అంతటికీ ఒక బొమ్మ గియ్యమంటే ఆ బటన్ గీస్తాననుకున్నాను ఆ రోజు. ఇంటికొచ్చాక ఆవేశం తగ్గింది. బటన్ ఇచ్చినంత మాత్రాన అధికారం ఇచ్చినట్టు కాదు. ఆ బల్ల దాకా వెళ్ళగలిగేదెవరు? మన దేశంలో కొన్ని పెద్ద నగరాల ఆసుపత్రుల్లోనే ఉన్న వైద్యం అది. చెరుకు తోటలో పనిచేసే మనిషికి ఎమ్మారై ఖర్చే కొండంత. గర్భాశయం ఉంచుకోవడాన్ని కొత్త పాతివ్రత్యంగా మార్చే ప్రమాదం కూడా ఉంది. కొందరికి గర్భాశయం తీసెయ్యడమే సరైన వైద్యం. కాన్సర్ ఉన్నవాళ్ళున్నారు. అన్ని మందులూ వాడి విసిగిపోయి, ఈ రక్తం ఇంక వద్దని తెలిసి కోరుకునేవాళ్ళున్నారు. వాళ్ళు తీయించుకున్నారు అన్నప్పుడు ఆ క్రియలో కర్త నిజంగా వాళ్ళే. నా తగువు ఆ ఆపరేషన్‌తో కాదు, ఆ క్రియని అబద్ధంగా వాడడంతో.

ఇక్కడ మన రచయిత్రులతో ఒక మాట. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'సవాలక్ష సందేహాలు' వేసింది. మన శరీరం గురించి మన భాషలో మనమే మాట్లాడుకోవచ్చని ఆ పుస్తకం ఒక తరానికి ధైర్యం ఇచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' రాశారు, పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాశారు, ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరాన్ని రాజకీయ విషయంగా చూపించాయి. కాన్పు గది మన సాహిత్యంలోకి వచ్చింది, గర్భస్రావం వచ్చింది. వాటితో పోలిస్తే, పదకొండుమందిలో ఒకరికి జరుగుతున్న ఈ ఆపరేషన్ గురించి మనం రాసింది చాలా తక్కువ. ఎందుకంటే మనం కూడా కన్నతల్లి దగ్గరో కనలేకపోయిన తల్లి దగ్గరో ఆగిపోయామేమో. కనడం అయిపోయాక మిగిలే ముప్ఫై నలభై ఏళ్ళ శరీరానికి కథ ఉందని మనకీ తోచలేదేమో. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫైల్లోనే ముట్లుడిగిన శరీరం అయిపోతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, గుల్లబారే ఎముకలు, గుండెకి ముప్పు. వాటిని ఉంచినా కొందరికి ముందుగానే పని మానేస్తాయి. పిన్నికి అండాశయాలు ఉంచారో తీసేశారో ఆమెకి తెలియదు. కాగితాలు లేవు. నలభై నిండకుండానే మోకాళ్ళు పట్టుకుని కూర్చునేది. మేమంతా చెరుకు పనివల్ల అనుకున్నాం.

నేను ప్రస్తుతానికి ఐరన్, బిళ్ళలు వాడుతున్నాను. హిమోగ్లోబిన్ పది దాటింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ స్కానింగ్. గడ్డ పెరిగితే ఎమ్మారై తీయించి, నా మచ్చని తప్పించి ఆ శబ్దం వెళ్ళగలదో లేదో చూస్తామన్నారు. వెళ్ళలేకపోవచ్చు. అప్పుడు ఇంకో దారి ఆలోచిస్తాను, బహుశా గర్భాశయం తీయించుకుంటానేమో కూడా. అప్పుడా మాటని పూర్తి అర్థంతో అనగలగాలని నా కోరిక.

మొన్న కొత్త అమావాస్యకి పిన్ని నూకాలమ్మ గుడికి వచ్చి మా ఇంట్లో ఉంది. రాత్రి ఈ బటన్ సంగతంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. పడుకుందనుకున్నాను. చీకట్లోంచి అడిగింది: "ఏటే, అది నొక్కితే నిజంగానే ఆపీస్తారా? మనం సెప్తే?"

ఆపుతారు పిన్నీ అన్నాను. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు. తెల్లారాక ఒక కొత్త నోట్‌బుక్ తీసి, ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్పమన్నాను. చెబుతోంది. నేను రాస్తున్నాను. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి పిన్నులుంటారు. అడగండి. వాళ్ళు వాడే క్రియల్ని మార్చకుండా రాయండి.